శుక్రవారం నాటి ఖాళీ గడి

మొన్న మా ఎదురు గోడకు ఎవరో ఎన్నికల పోస్టర్లు అంటిస్తున్నారు. బకెట్టు నిండా ఉడుకు మైదా జిగురు, పురుగు పట్టకుండా అందులో కలిపిన మైలుతుత్తం. ఆ వాసన కిటికీలోంచి రాగానే చేతిలో కాగితాలు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. యాభై దాటినవాణ్ణి, ఒక హైస్కూలుకు హెడ్మాస్టర్ని. ఊరికే లేచి నిలబడే అలవాటు నాకు లేదు. కాని ఆ వాసన తగిలితే నా కాళ్లు ఇప్పటికీ సైకిలు కోసం వెతుక్కుంటాయి. కిరండూల్ పాసింజరు వచ్చే వేళయింది, స్టేషనుకు పోవాలి, ఇవాళ బొమ్మల కథలో చేపోళ్లింట్లో ఏం జరిగిందో అందరికన్నా ముందు నేనే చూడాలి అని గుండె కొట్టుకుంటుంది. ఆ తొందరను నాకు అంటించిన మనిషి సువార్తమ్మ గారు. ఆవిడను చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

తొంభైల నడుమ, అరకు లోయలో డుంబ్రిగుడ దగ్గర గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలకు తెలుగు పండితుడిగా వెళ్లాను. ఆవిడ అక్కడ హెడ్‌మిస్ట్రెస్. అంతకుముందు మా వంశం గురించి ఒక మాట చెప్పాలి, చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మా తాతగారు ముఠాదారు. కొండల్లో కొన్ని గూడేలు కలిపితే ఒక ముఠా. వాటి శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టడం, తగవులు తీర్చడం ఆయన పని. ఏ గూడెం నుంచి ఏ రోజు ఎవరు వచ్చి కూలి లేకుండా పనిచేసి పోవాలో నిర్ణయించేదీ ఆయనే. దాన్ని లోకం వెట్టి అంటుంది. మా ఇంట్లో మాత్రం ‘వంతు’ అనేవారు. ముఠాలు రద్దయ్యాయి, భూములు జారిపోయాయి, నాకు పదేళ్లప్పుడు ఒక వానాకాలంలో ఇల్లు కూలిపోయింది. మిగిలినవి మెట్లు. ఒక్కోటి మనిషి పొడవు రాయి, మొత్తం పదకొండు. పైకెక్కితే అక్కడ గుమ్మం లేదు, గడ్డి ఉంది. అయినా ఎవరొచ్చినా ఆ మెట్లు చూపించి, “మా తాతగారు కట్టించారు” అనేవాణ్ణి. గూడేల్లో ముసలివాళ్లు నన్ను ‘చిన్నదొర’ అని పిలిచేవారు. వద్దని ఎన్నడూ అనలేదు. వినడం నాకు బాగుండేది.

ఉద్యోగంలో చేరిన రోజున సువార్తమ్మ గారు నాకు కుర్చీ చూపించారు. నేను జేబురుమాలు తీసి, కుర్చీని నాలుగు మూలలా దులిపి కూర్చున్నాను. ఆవిడ రిజిస్టరు మీంచి తలెత్తి చూశారు. “దులిపితే సింహాసనం అయిపోద్దేటి మేష్టారూ? అదే కుర్చీ,” అని పెద్దగా నవ్వారు. ఆ నవ్వు విని వంటగదిలోంచి వంటమనిషి కూడా తొంగిచూసింది. నాకు ఒళ్లు మండింది. ఆవిడది సాలూరు, తండ్రి లారీ మెకానిక్కు. ఆదివారం ఉదయం ప్రార్థనకు తప్ప ఆవిడ ఎక్కడా అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోగా నేను చూడలేదు. తరగతి గదిలో పుస్తకాల తెలుగు, వరండాలోకి వచ్చిందంటే సాలూరు తెలుగు. ఆ రెండింటికీ మధ్య గడప తప్ప ఇంకేం అడ్డం ఉండేది కాదు.

ఆవిడ తన జీతంలోంచి ఒక ఇంగ్లీషు పత్రిక తెప్పించేవారు. అది ఏ రోజుకారోజు విశాఖ నుంచి పాసింజరులో వచ్చేది. లోపలి పేజీలో అడుగున నాలుగు గడుల బొమ్మల కథ ఒకటి ఉండేది. అమెరికాలో ఒక నల్లజాతి కుటుంబం. తండ్రి ఎత్తైన భవనాల్లో లిఫ్టులు బాగుచేస్తాడు. తల్లి బడిపిల్లల బస్సు నడుపుతుంది. కవల పిల్లలు, ఒక ఆడ, ఒక మగ. కిటికీ పక్క కుర్చీలో నాయనమ్మ. నాలుగో గడిలో చివరి మాట ఎప్పుడూ ఆవిడదే. సువార్తమ్మ గారు మధ్యాహ్నం ఆ ముక్కను కత్తిరించి, సబ్బుల అట్టపెట్టె అట్టకు మైదా జిగురుతో అంటించి, మాటల బుడగల మీద తెలుగు రాసిన చీటీలు అతికేవారు. సాయంత్రం వరండాలో బడంతా చేరేది. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క అమ్మాయి. మొదట తెలుగులో చెప్పేవారు, తర్వాత చిన్నపిల్లల కోసం వాళ్ల ఆదివాసీ ఒడియాలో. నాలుగు గడులకు అరగంట పట్టేది. ఇంగ్లీషు నేర్పడానికి మొదలుపెట్టానని ఆవిడ పైఅధికారులకు చెప్పేవారు. అది నిజమే కాని, అసలు సంగతి, ఆవిడకే ఆ కథ మీద పిచ్చి.

ఆ కుటుంబం ఏ గోత్రమో తేల్చుకోనిదే పిల్లలకు నిద్ర పట్టలేదట. కొండల్లో మనిషి పేరు కన్నా ముందు గోత్రం అడుగుతారు. పులివాళ్లు, నాగువాళ్లు, కోతివాళ్లు, చేపవాళ్లు. ఒకే గోత్రమైతే అన్నాచెల్లెళ్లు. తమ గోత్రపు జీవిని తాము చంపరు, తినరు. బొమ్మల్లో తండ్రి ప్రతి ఆదివారం గాలం వేసుకుని వెళ్లి, ఉత్త చేతులతో తిరిగొస్తాడు. నగరం మనిషికి చేపలు పట్టడం చేతకాదన్నదే అందులోని హాస్యం. ఎనిమిదో తరగతి సోంబారి ఒప్పుకోలేదు. “చేతకాక కాదు మేడం. ఆయన చేప గోత్రం. పడితే నీళ్లలో వదిలేస్తన్నాడు. బొమ్మలోడికి ఆ సంగతి తెలీక నవ్వుతన్నాడు,” అంది. ఆ రోజు నుంచి అది చేపోళ్లిల్లు. సోంబారిది కూడా చేప గోత్రమే కనుక సొంత మనిషన్న హక్కుతో నాయనమ్మ పాత్ర తీసుకుంది. పొరపాటును దిద్దమని నేను సువార్తమ్మ గారితో అన్నాను. “దిద్దడానికి ఏముంది? మీకు ఆయన గోత్రం తెలుసా?” అని అడిగారు. నాకు తెలియదు.

కొత్తగా వచ్చినవాణ్ణి కనుక స్టేషనుకు వెళ్లి పత్రిక తేవడం నా వంతయింది. ముఠాదారు మనవడు సైకిలు మీద పేపరు తేవడమేమిటని, మొదట్లో పోస్టాఫీసు పని ఉందని అందరికీ చెప్పి వెళ్లేవాణ్ణి. నెల తిరక్కుండా, ప్లాట్‌ఫారం మీద నిలబడే లోపలి పేజీ విప్పుతున్నాను. కవల పిల్ల పరీక్ష తప్పుతుందా, తండ్రి ఉద్యోగం ఉంటుందా, ఆ ఆరాటంలో దారి పొడవునా తొక్కింది తెలిసేది కాదు. బడి గేటు దగ్గర పిల్లలు నా మొహం చూసి కథ ఊహించేవారు. నిటారుగా ఉండి ఏమీ తెలియనట్టు లోపలికి వెళ్లాలని చూసేవాణ్ణి. “నవ్వు దాచుకుంటన్నాడు, ఇయాల మంచే జరిగింది,” అని సోంబారి వెనకనుంచి చాటింపు వేసేది.

ఒకరోజు ఒక చిన్నపిల్ల, ఆ నాయనమ్మ తాతలు అమెరికాలోనే పుట్టారా అని అడిగింది. సువార్తమ్మ గారు దాచకుండా చెప్పారు. వాళ్ల పూర్వీకులను ఆఫ్రికా నుంచి ఓడల్లో కట్టి తెచ్చారని, పత్తి చేలల్లో బానిసలుగా పనిచేయించారని. “వెట్టా మేడం?” అని ఆ పిల్ల. వెట్టి కన్నా ఘోరమని, మనిషినే సంతలో పశువులా అమ్మేవారని, తల్లినీ బిడ్డనూ వేరుచేసేవారని చెప్పారు. వెట్టి మాట రాగానే పిల్లలెవరూ నా వంక చూడలేదు. అందరూ చూసి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. వానకు కొండరాళ్లు పట్టాల మీద పడి బండి రాకపోతే పత్రిక రాదు. మరునాడు ఆ రోజుదే వస్తుంది తప్ప తప్పిపోయింది ఎవరూ పంపరు. అప్పుడు సువార్తమ్మ గారు నాలుగు గడులు గీసిన ఖాళీ అట్టను ఆ తేదీ వేసి గోడకు అంటించేవారు. బొమ్మలు, మాటలు పిల్లలే కల్పించి నింపాలి. ఆ తర్వాత వచ్చే సోమవారం సాయంత్రం దాటకూడదు. నింపినవాళ్లే పాత్ర వేసి చెప్పాలి. ఇదీ నియమం.

ఆ శ్రావణంలో కథ ఊపిరి తిప్పుకోనివ్వలేదు. నాయనమ్మ కుటుంబాన్నంతా కారెక్కించి, తన తాతను బానిసగా ఉంచిన పత్తి జమీందారు ఇల్లు చూడటానికి బయల్దేరింది. వారమంతా దారి. గురువారం గడుల్లో వాళ్లు చేరుకున్నారు. స్తంభాల ఇల్లు, అరుగు, ఆ అరుగు మీదకు ఆ వంశపు వారసుడు వచ్చి నిలబడ్డాడు. పెరట్లో బావి. నాలుగో గడిలో నాయనమ్మ అడిగింది: “ఈ బావి తవ్వినవాళ్లెవరో మీకు తెలుసా?” నేను ప్లాట్‌ఫారం మీద ఆ గడి మూడుసార్లు చదివాను.

శుక్రవారం బండి రాలేదు. శివలింగపురం దగ్గర రాళ్లు పడ్డాయన్నారు. శనివారం పత్రిక విప్పితే, నాయనమ్మ తిరుగు దారిలో కార్లో ఉంది. ఒళ్లో సీసా నిండా బావి నీళ్లు. నోరారా నవ్వుతోంది. అంటే ఆ వారసుడు ఏదో అన్నాడు. ఆ మాటకు ఆవిడ నవ్వింది. ఆ మాట శుక్రవారంలో ఉండిపోయింది. బడి బడంతా ఉడికిపోయింది. భోజనాల దగ్గర అదే మాట, బోరింగు దగ్గర అదే మాట. ఇల్లు రాసిచ్చేశాడని ఒకరు, కాళ్లమీద పడ్డాడని ఒకరు, బావిలో దూకాడని ఇంకొకరు. వంటమనిషి కూడా ఒక ఊహ చెప్పింది, అన్నం పెట్టి ఉంటాడని.

సువార్తమ్మ గారు ఖాళీ అట్ట నా బల్ల మీద పెట్టారు. “బొమ్మలు పిల్లలు గీస్తారు. ఆ అరుగు మీద మనిషి మాట మీరు రాయండి,” అన్నారు. తెలుగు పండితుణ్ణి కనుక అడిగారనుకున్నాను. ఆ మధ్యాహ్నమే కూర్చుని, ‘పూజ్యురాలా, మా పూర్వులొనర్చిన అపరాధమునకు’ అంటూ ఒక అరపేజీ రాసి గర్వంగా ఇచ్చాను. ఆవిడ చదివి, బల్ల మీద ఉన్న అగ్గిపెట్టె తీసి బుడగ మీద పెట్టి చూపించారు. బుడగ సరిగ్గా అంతే ఉంది. “ఇందులో మీ వంశవృక్షం పట్టదు మేష్టారూ.”

కలం తీసి అక్కడికక్కడే ఇంకో చీటీ రాశాను: ‘మా తాతగారు తవ్వించారు.’

“ఇది పట్టింది,” అన్నారు. శనివారం అట్ట తెచ్చి దాని పక్కన పెట్టారు. “మరి ఈ మాటకి ముసిల్దానికి అంత నవ్వు ఎందుకొచ్చినట్టు?”

నాకు కోపం వచ్చింది. ఇదంతా ఆడపిల్లల ఆట అన్నాను. ఇలాంటివి రాయడానికి నేను ఈ ఉద్యోగంలో చేరలేదన్నాను. ఇంకొకరి చేత రాయించుకోమన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు. “ఇంకెవులు రాత్తారు? నాది లారీ షెడ్డు కొంప, పిల్లలవి పాకలు. అరుగు మీద నిలబడ్డోడికి ఎలాగుంటాదో మాకు తెలీదు కదా. తెలిసినోరు మీరొక్కరే,” అన్నారు. ఎగతాళి అనుకుందామంటే ఆ మొహంలో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది ఆవిడకు. అగ్గిపెట్టె నా ముందే వదిలేసి తరగతికి వెళ్లిపోయారు.

మర్నాడు ఆదివారం, తల్లిదండ్రులు పిల్లలను చూడటానికి వచ్చే రోజు. సోంబారి నాయనమ్మ గురుబారి గంపలో పనసకాయ పెట్టుకుని వచ్చింది. సోంబారి ఆవిణ్ణి గోడ ముందు కూర్చోబెట్టి, వారం రోజుల కథ వాళ్ల భాషలో చేతులు తిప్పుతూ చెప్పింది. ఖాళీ గడి దగ్గర ఆగి నా వైపు వేలు చూపించింది. ముసలమ్మ తిరిగి చూసింది. “చిన్నదొర రాత్తన్నాడా?” అని నవ్వుకుంది.

నేను వెళ్లి ఆవిడ ఎదుట నిలబడ్డాను. రాత్రంతా నా నోట్లో ఒకే ప్రశ్న ఆడుతోంది. “మా మెట్లు ఎవరు వేశారో నీకు తెలుసా?” అన్నాను.

“ఏటి, నీకెవులూ సెప్పలేదా?” నిజంగా ఆశ్చర్యపోయింది. ఏడ్చి చెప్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. అవేవీ చేయలేదు. వేళ్లు మడుస్తూ, కింది మెట్టు నుంచి మొదలుపెట్టింది. ఒక్కో రాయిని గెడ్డ వాగులోంచి ఏ గూడెం మనుషులు లాగారో, ముందు ఎవరు పట్టారో. బుద్రు, మంగ్లా, దాసు, జగ్గు. ఏడో రాయి జారి ఆవిడ బావగారు సుక్రు పాదం నలిగిందట, తర్వాత బతికినన్నాళ్లూ కర్రతోనే నడిచాడట. ఆవిడ అప్పటికి కొత్త కోడలు. రాళ్లు లాగేవాళ్లకు అంబలి కాచే వంతు ఆవిడది. వాళ్ల చేను కోతకొచ్చింది, వెళ్లనివ్వలేదు. “మా సోళ్లు పందులు మేసేసినాయి. ఆ యేడు అడివి దుంపలే తిన్నాం,” అంది, నిన్న వాన పడిందన్నట్టు. పదకొండో పేరు చెప్పి, మడిచిన వేళ్లు విప్పి గంప సర్దుకుంది. నా చిన్నతనంలో ఆ మెట్ల మీద ఎన్నివేలసార్లు ఎక్కి దిగానో. ప్రతి మెట్టుకూ ఒక మనిషి పేరుందని నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు.

సోమవారం సాయంత్రం వాన తెరిపిచ్చింది. వరండా కిక్కిరిసిపోయింది. పిల్లలు మూడు గడులు బొమ్మలతో నింపేశారు. వాళ్లు గీసిన అమెరికా జమీందారు ఇంటి వెనక మా కొండలున్నాయి, ఇంటి ముందు మెట్లున్నాయి. లెక్కపెట్టాను. పదకొండు. నియమం ప్రకారం వరండా అంచు మీద, అరుగు మీద వారసుడిలా నిలబడ్డాను. కింద తడి మట్టిలో, భుజాన దుప్పటి వేసుకుని సోంబారి. చదువు చెప్పే మేష్టారి ఎదుట పిల్లలా లేదు. కారు దిగి వచ్చినట్టే ఉంది.

“ఈ బావి తవ్వినవాళ్లెవరో మీకు తెలుసా?”

అగ్గిపెట్టెంత చీటీ నా చేతిలో ఉంది. చూడకుండానే చెప్పాను. “తెలియదు. తెలుసుకోవాల్సింది. మీరు చెప్పండి.”

శనివారం గడిలో నవ్వు ఉంది. కాని నవ్వడమా మానడమా అన్నది ఇప్పుడు సోంబారి చేతిలో ఉంది. నవ్వలేదు. అట్ట మీద లేని మాట ఒకటి అడిగింది. “నిలబడే వింటావా?”

సువార్తమ్మ గారు స్తంభానికి ఆనుకుని, ప్రార్థన వేళ కాకుండా మొదటిసారేమో, కదలకుండా ఉన్నారు. నేను వరండా దిగాను. తెల్ల పంచె, తడి నేల. దులపడానికి రుమాలు తీయలేదు. సోంబారి ఎదుట నేల మీద కూర్చుని జేబులోంచి కలం తీశాను. ఆ పిల్ల మొదట పెదవులతో, తర్వాత మొహమంతా నవ్వింది. బడంతా ఒక్కసారిగా అరిచింది. ఇన్నేళ్లలో ఎన్నో సభల్లో చప్పట్లు విన్నాను. ఆ అరుపు లాంటిది మళ్లీ వినలేదు. సువార్తమ్మ గారు చీటీ నా చేతిలోంచి లాక్కుని, తడి జిగురు రాసి, అరచేత్తో గట్టిగా అదిమి అంటించారు. “పట్టింది,” అన్నారు, ఆ ఒక్క మాటే.

చాలా ఏళ్ల తర్వాత, రెండువేల సంవత్సరం దాటాక, పనిమీద విశాఖ వెళ్లినప్పుడు ఒక గ్రంథాలయంలో పాత పత్రికల బైండు అడిగి తీయించాను. ఆ శుక్రవారం పేజీ తిప్పాను. ఆ అరుగు మీద మనిషి అసలు ఏమన్నాడో చివరికి తెలియబోతోంది. పేజీ అడుగున, బొమ్మలు ఉండాల్సిన చోట, ప్రెషరు కుక్కరు ప్రకటన ఉంది. ఆ రోజు బొమ్మలు వేయనే లేదు. తిరుగు ప్రయాణంలో చుట్టు తిరిగి వెళ్లి సాలూరులో దిగి, రిటైరై తమ్ముడి షెడ్డు పక్కనే ఉంటున్న సువార్తమ్మ గారికి ఈ సంగతి చెప్పాను. షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయేలా నవ్వారు. “అయితే మనదే అసలుది మేష్టారూ,” అన్నారు. కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్తూ మళ్లీ వెనక్కి తిరిగి, ఆ పదకొండు పేర్లూ చెప్పమన్నారు. కింది మెట్టు నుంచి చెప్పాను. ఎనిమిదోది తడబడ్డాను. ఆవిడ అందించారు.

ఆవిడ పోయి ఇప్పటికి కొన్నేళ్లు. ఆ అట్ట నా బీరువాలో ఉంది. జిగురు పెచ్చులు లేచినా చీటీ ఊడలేదు. వెన్ను నిటారుగానే నడుస్తాను, అది మానలేదు, మానమని ఆవిడా అనలేదు. మా మెట్లు ఇంకా ఉన్నాయి. ఈమధ్య అరకు చూడవచ్చేవాళ్లు దారి తప్పి అటు వస్తారు, గడ్డిలోకి వెళ్లే ఆ మెట్ల మీద ఫొటోలు దిగుతారు, ఎవరు కట్టించారండీ అని అడుగుతారు. ముందు కూర్చోమంటాను. చెప్పడానికి కొంచెం సేపు పడుతుంది.